అద్ ఆనా: ఎంతవరకు?

మంగళవారం, రాత్రి.

ఇవాళ చదివింది బైబిల్లోని 13వ కీర్తన ఒక్కటే. ఆరే వచనాలు. గబగబా చదివితే నిమిషం కూడా పట్టదు, కానీ అలా చదివినప్పుడే ఇది చేజారిపోతుంది. చూపు నేరుగా చివరి స్తుతి మీదికి పోతుంది, మొదటి రెండు వచనాల దగ్గర ఆగదు.

మూలభాష హెబ్రీలో ఆ రెండు వచనాల్లోనే "అద్ ఆనా" నాలుగుసార్లు వస్తుంది. ఎంతవరకు, ఎంతవరకు అని. మొదటి రెండూ దేవుణ్ణే నిలదీస్తాయి: ఎంతవరకు మరచిపోతావు, ఎంతవరకు ముఖం దాచుకుంటావు? మూడోది తన లోపలి చింత. శత్రువు నాలుగోవాడు, అందరికంటే చివర. అన్నిటికంటే ముందు కోసేది దేవుడి మౌనమే.

మూడో వచనంలో అడగడం మొదలవుతుంది: చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. ఈ చివరిదాన్ని జ్ఞానం కోసం అడగడంగా తీసుకుంటే అర్థం తప్పుతుంది. 1 సమూయేలు 14లో, డస్సిపోయిన యోనాతాను, సౌలు రాజు కొడుకు, చేతికర్ర కొనతో తేనె తీసి నోట పెట్టుకోగానే అతని కళ్లు వెలిగాయని ఉంది. ప్రాణం లేచొచ్చింది అంటామే, అది. అందుకే కీర్తనకారుడు వెంటనే "లేకపోతే మరణనిద్ర పోతాను" అంటాడు. అడిగి ఊరుకోడు, ఎందుకివ్వాలో కారణం చూపిస్తాడు. 6వ కీర్తన ఇంకా తెగించి అడుగుతుంది: చచ్చినవాళ్లు నిన్ను తలుచుకోరు, పాతాళంలో నిన్ను స్తుతించేదెవరు? వింటాడన్న నమ్మకం లేకపోతే ఇంత వాదన ఎందుకు పెట్టుకుంటాడు!

ఐదో వచనంలో "వఅనీ", అంటే "నేనైతే", దగ్గర గొంతు మొర నుంచి నమ్మకానికి మారుతుంది. కష్టం తీరినట్టు ఎక్కడా లేదు. బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన హన్నాకు యాజకుడు ఏలీ చెప్పినట్టు, ఇక్కడా మధ్యలో ఒక యాజకుడు ధైర్యం చెప్పి ఉంటాడని కొందరు పండితులంటారు. కీర్తనలో మాత్రం ఆ మాట లేదు. ఆ ఖాళీని పూడ్చకుండా చదవడమే నాకిష్టం.

ఆ మలుపే రాని కీర్తన 88. మొదట్లోనే పగలూ రాత్రీ మొర పెడతాడు, తొమ్మిదో వచనంలో ప్రతిరోజూ చేతులు చాపుతాడు, పదమూడులో పొద్దున్నే ప్రార్థిస్తాడు. పద్దెనిమిదో వచనం దాకా జవాబు లేదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి. దుఃఖంలో ఉన్నవాళ్లను 13వ కీర్తన చివరి వచనం పాడమని తొందరపెట్టకూడదు. వాళ్ల పక్కన కూర్చుని ముందు 88 చదవాలి.

రేపు అదే. పైకి, మెల్లగా.