స్టోరు బియ్యం లెక్క

అనంతపురంలో రైస్‌కార్డు చేతికొచ్చాక చాలామంది అడిగేది ఒకటే: ఎంతొస్తుంది, ఏమొస్తుంది?

మామూలు కార్డుకు మనిషికి 5 కిలోల బియ్యం, ఉచితం. నలుగురుంటే 20 కిలోలు. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు ఇంట్లో ఎంతమంది ఉన్నా 35 కిలోలే. అందుకే ఎనిమిది మంది ఉన్న మామూలు కార్డుకు 40 కిలోలు వస్తే, అంత్యోదయ వాళ్లు డీలరుతో తగాదా పడతారు. తప్పు డీలరుది కాదు, లెక్కే అంత. చక్కెర ఉచితం కాదు, డబ్బు కట్టాలి. మన సీమలో కొన్ని నెలలు బియ్యానికి బదులు రాగులో జొన్నలో కూడా ఇస్తారు. అవి అదనం కాదు, తీసుకున్నంత బియ్యం తగ్గుతుంది.

2025 జూన్ నుంచి ఇంటిదగ్గరికి బియ్యం తెచ్చే బండ్లు పోయి మళ్లీ రేషన్ దుకాణాలే. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కర్నూలు కార్డున్నా కడపలో తీసుకోవచ్చు.

చిక్కంతా వేలిముద్ర దగ్గరే. చెనిక్కాయలు పీకి అరిగిన వేళ్లను మిషన్ పట్టదు. చెయ్యి కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టండి. కాకుంటే కార్డులో పేరున్న ఇంకొకరు వెళ్లొచ్చు.

బియ్యంలో కాస్త వేరే రంగు గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అని ఏరి పారేయకండి. నూటికి ఒకటి చొప్పున కలిపిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న గింజలవి. కడిగేటప్పుడు తేలుతాయి, నీళ్లతో పారబోయొద్దు.

తూకం తగ్గితే అక్కడే అడగండి, వినకుంటే 1967కి ఫోన్.