వి.జి. ఎవర్రా?

"ఈ వి.జి. ఎవర్రా?" అంది అమ్మ, ముత్తాత ఓడ పుస్తకం (ఓడల్లో చేసిన ఉద్యోగాల సర్వీసు పుస్తకం) ఒళ్లో పెట్టుకుని. ప్రతి ప్రయాణం పక్కనా రెండేసి వి.జి. ముద్రలు.

ఎవరో ఆఫీసర్ పొడి అక్షరాలనుకున్నాం. తీరా చూస్తే వెరీ గుడ్! ఒకటి పనికి, ఇంకోటి నడవడికకి. ఓడ దిగేటప్పుడు కెప్టెన్ వేసే మార్కులన్నమాట. నచ్చనివాడి గురించి తిట్టి రాసేవాళ్లు కాదు, 'చెప్పడానికి నిరాకరించారు' అని ముద్ర కొట్టేవాళ్లు. అంతే, తర్వాతి ఓడ దొరకడం కష్టం.

హోదా: ఫైర్‌మన్. ఇన్నాళ్లూ ఆయన ఓడల్లో మంటలార్పేవాడని గొప్పగా చెప్పుకున్నాం. ఆర్పడం కాదు, ఆరిపోకుండా చూడడం ఆయన పని. బాయిలర్‌లోకి పారతో బొగ్గు వెయ్యడం.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకేనేమో, మండుటెండలో కూడా ఉక్కపోత అనేవాడు కాదు" అంది.

1937 పేజీలో ఓడ పేరు చెరిగిపోయింది. అఫీషియల్ నంబర్ మిగిలింది, అదే అదృష్టం. బ్రిటిష్ రిజిస్టర్‌లో ఉన్నంతకాలం ఓడ పేరు మారినా, ఓనర్ మారినా ఆ నంబర్ మారదు.

ఆ ఏటి బ్రిటిష్ ఓడల సిబ్బంది పట్టీలు చాలావరకు ఎక్కడున్నాయనుకున్నారు? కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్‌లో! మన లాస్కర్లకి, అంటే బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన మన నావికులకి, ఒప్పందాలు వేరేగా రాసేవాళ్లు కాబట్టి ఈయన పేరు తగులుతుందో లేదో. ఈ ఒక్క పుస్తకంలోనే ఆ పేరు మూడు రకాలుగా ఉంది మరి.

అక్కడికి మెయిల్ పెట్టాను. మూడు స్పెల్లింగులూ రాశాను.