కొల్లేరు పక్కన పాడికి నేల

కొల్లేరు దగ్గర ఎకరం చవగ్గా వస్తోందంటే ముందు కాంటూరు, అంటే సముద్రమట్టం నుంచి నేల ఎత్తు, అడగండి. +5 అడుగుల కాంటూరు లోపలంతా 1999లో అభయారణ్యమైంది. జిరాయితీ (సొంత భూమి) పట్టా ఉన్నా ఆంక్షలు తప్పవు. 2006లో అక్కడ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అడంగల్ (సాగు రికార్డు), 1బీ (యాజమాన్య రికార్డు), ఈసీ (లావాదేవీల పత్రం) చాలవు, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూడాలి.

తర్వాత నీళ్లు. పక్కన రొయ్యల చెరువుంటే బోరు ఉప్పెక్కే ప్రమాదముంది. నాలుకను నమ్ముకోకుండా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కొలిపించండి. పాలిచ్చే గేదె రోజుకు 60-80 లీటర్లు తాగుతుంది. ఐదు గేదెలకు తడి ఉన్న ఎకరం సూపర్ నేపియర్ గడ్డి సరిపోతుంది గానీ, నీరు నిలిస్తే దుబ్బు కుళ్లుతుంది. కొల్లేటి నీటిని సముద్రానికి తీసుకెళ్లే ఉప్పుటేరు సరిగా లాగని ఏడాది వరద ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్లో గోడల మీది చార చెబుతుంది. షెడ్డు మెరక దానికి రెండడుగులు పైన వేయండి.

కొర్రమీను గాలానికి రెండు కిలోమీటర్లు నడవొచ్చు. పాలకేంద్రం మాత్రం దగ్గర్లో ఉండాలి, చేరడం ఆలస్యమైతే ఎండాకాలం క్యాన్లో పాలు విరిగిపోతాయి.