బి లాంటి అక్షరం

నేను రాసిన శ్రుతి, తాళం ప్రోగ్రాంకి రాత్రి మూడు ఆర్డర్లు వచ్చాయి. రెండు డౌన్‌లోడ్‌లే. డబ్బు పడగానే ప్రోగ్రాం తెరిచే కీ దానంతటదే మెయిల్లో వెళ్ళిపోయింది, నేను నిద్రలో ఉన్నాను. పన్నుల సంగతి కూడా అమ్మకాల సైటే చూసుకుంటుంది. పని పెట్టింది మూడోది. జర్మనీలో వీణ నేర్చుకుంటున్న ఒక పెద్దాయనది. సాధన గదిలోని ల్యాప్‌టాప్‌కి నెట్ పెట్టుకోరట. ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో కావాలన్నారు.

కాపీ చేసి, మా పాత కంప్యూటర్‌లో గుచ్చి చూశాను. ఆది తాళం మోగింది. "పొద్దున్నే మొదలెట్టావా" అంది అమ్మ వంటింట్లోంచి.

మెయిల్ చివర ఆయన ఒక మాట అడిగారు. పన్ను తప్పేలా కస్టమ్స్ ఫారం మీద 'గిఫ్ట్' అని రాయకూడదా అని. ఐరోపాలో 22 యూరోల లోపు సరుక్కి వ్యాట్ లేకుండా పోయేది, 2021 జూలై 1 నుంచి అదీ తీసేశారు. పోయినసారి పూర్తి ధర రాస్తే ఇంకొకాయన పన్ను, దాని మీద పోస్టు వాళ్ళ చార్జీ కట్టి, నాకు పెద్ద ఉత్తరమే రాశారు. అయినా డబ్బు తీసుకుని గిఫ్ట్ ఎలా అంటాను? కుదరదండీ అని జవాబిచ్చాను. ఆర్డర్ రద్దు చేసుకుంటారేమో అని కాసేపు టెన్షన్. చేసుకోలేదు.

రాజమండ్రి హెడ్ పోస్టాఫీసులో పదకొండింటికి నా వంతు వచ్చింది. ఫారం మీద సరుకు రకం చెప్పే హెచ్ఎస్ కోడ్ 8523, విలువ 2,750 రూపాయలు. కౌంటర్‌లో మేడమ్ కవరు తూచారు. 38 గ్రాములు.

"ఇంత చిన్నదానికి 2,750 ఏంటండీ?"

"పెన్‌డ్రైవ్ 350 అండీ, మిగతాది లోపలున్న ప్రోగ్రాం."

"దానికి బరువుండదుగా," అన్నారావిడ, టైప్ చేస్తూనే. మూడేళ్ళు కూర్చుని రాసింది మరి. ఏమీ అనలేదు.

అడ్రస్ దగ్గర ఆగారు. వీధి పేరులో బి లాంటి జర్మన్ అక్షరం ఒకటుంది. అది బి కాదండీ, ఎస్‌లు రెండు కొట్టండి అని చెప్పాను. వెనక లైను పెరుగుతోంది. సరే సరే అన్నారు.

ఇందాక ట్రాకింగ్ నంబర్ ఆయనకు పంపుదామని రసీదు తీశాను. బి అనే ఉంది. కవరు మీద నా చేత్తో రెండు ఎస్‌లు రాశాను కాబట్టి చేరుతుందిలే అనుకుంటున్నాను. అయినా రేపు పొద్దున్నే ఒకసారి కౌంటర్‌కి వెళ్ళి అడగాలి.