డీ డ్రైవ్ పీకితే గానీ విండోస్ 11 రాలేదు

తాడేపల్లిగూడెంలో మా బావకి డీటీపీ, జిరాక్స్ షాపు. 2019లో అసెంబుల్ చేయించిన సిస్టమ్: ఐ3 8100, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందని ఎవరో చెప్పారట. సంక్రాంతికి వెళ్లిన నన్ను చెప్పులు కూడా విప్పనివ్వలేదు. "బామ్మర్దీ, ఆ పదకొండేదో ఎక్కించేసి వచ్చి కాఫీ తాగు" అన్నాడు.

విండోస్ 11 అడిగే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసరే కదా, సాయంత్రానికి అయిపోతుందనుకున్నా. విండోస్ 11 పడుతుందో లేదో చెప్పే హెల్త్ చెక్ యాప్ రెండు చోట్ల కాదంది: టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసేది). మొదటిది తేలికే. విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్, అంటే బయోస్‌లో ఇంటెల్ పీటీటీ ఎనేబుల్ చేస్తే అదే టీపీఎం. తిప్పలన్నీ రెండోదాని దగ్గరే. దానికి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్ కావాలి, అందుకు డిస్క్ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలో ఉండాలి. బావది పాత పద్ధతి, ఎంబీఆర్. అది చూసుకోకుండా, పాత తరహా బూట్‌కి వీలిచ్చే సీఎస్ఎం ఆపేసి రీస్టార్ట్ కొట్టా. విండోస్ రాలేదు, తిరిగి బయోసే వచ్చింది. సీఎస్ఎం మళ్లీ ఆన్ చేసేదాకా బావ మొహం చూడలేదు నేను.

ఎంబీఆర్‌ని జీపీటీగా మార్చే కమాండ్ విండోస్‌లోనే ఉంది, ఎంబీఆర్2జీపీటీ. ముందు వేలిడేట్ చేశా, అంటే మార్చడానికి వీలవుతుందా అని పరీక్ష. ఫెయిల్. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే తెలిసింది: సిస్టమ్ రిజర్వ్‌డ్, ‘సీ’ ప్రైమరీలు (నేరుగా డిస్కు మీద ఉండే పార్టిషన్లు), ‘డీ’, ‘ఈ’ మాత్రం ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పార్టిషన్ లోపల లాజికల్‌గా ఉన్నాయి. ఎక్స్‌టెండెడ్ ఉంటే ఆ కమాండ్ డిస్కుని ముట్టుకోదు. అసెంబుల్ చేసేవాళ్లు అడక్కుండానే డిస్కుని ముక్కలు చేసి ఇస్తారు, ‘సీ’ పోయినా మిగతావి బతుకుతాయని. మంచి ఉద్దేశమే.

ఆ రెండింటి నిండా ఆరేడేళ్ల శుభలేఖలు. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ అవడానికి రాత్రంతా పట్టింది. మధ్యలో నా పెళ్లి కార్డు ఫైలు కనబడితే తెరిచా. పెళ్లికూతురి ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది! మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

పొద్దున్నే రెండూ డిలీట్ చేశా. మళ్లీ ఫెయిల్. లోపలివి తీసినా ఖాళీ ఎక్స్‌టెండెడ్ అలాగే ఉంటుంది, దాన్నీ విడిగా డిలీట్ చేయాలి. అప్పుడు పాసైంది. కన్వర్ట్ చిటికెలో అయింది. సీఎస్ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ మొదలుపెట్టా. హార్డ్ డిస్క్ కదా, మధ్యాహ్నం దాటింది. ఎస్ఎస్‌డీ వేయించమని బావకి ఎన్నిసార్లు చెప్పానో.

అంతా అయ్యాక బావ, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో ఓ కార్డు తెరిస్తే వినాయకుడి బొమ్మ ఎక్కడుందని అడిగింది. బొమ్మలన్నీ ‘ఈ’ డ్రైవ్‌లోంచి లింకులు. నేను కొత్తగా చేసి ఫైళ్లు వెనక్కి వేసిన పార్టిషన్లకేమో ‘ఎఫ్’, ‘జీ’ అని పడ్డాయి. మళ్లీ ‘డీ’, ‘ఈ’ అని మార్చగానే వినాయకుడు వచ్చి కూర్చున్నాడు.

"మరి స్టార్ట్ బటన్ మధ్యలోకెందుకు పోయింది?" అన్నాడు బావ. సెట్టింగ్స్‌లో ఎడమపక్కకి జరిపి, అప్పుడు వెళ్లి తాగా కాఫీ.