ఏడున్నరకి తలుపు మూస్తారు

బెంగళూరులో నాటకం చూడాలంటే ముందు ఆ టికెట్ల యాప్‌తో పడాలి. నాటకాలు అని నొక్కితే సగానికి పైగా స్టాండప్ కామెడీలే వచ్చాయి. మారతహళ్ళిలో తమ్ముడి ఇంట్లో సోఫాలో కూర్చుని మరదలు ఒక్కొక్క పేరూ చదువుతుంటే నేను వద్దు, వద్దు అంటూ పోయాను. వైట్‌ఫీల్డ్‌లో జాగృతి మాకు దగ్గరే, కానీ ఆ వారం అక్కడ ఇంగ్లీషు నాటకం. జె.సి. రోడ్డు రవీంద్ర కళాక్షేత్రలో ఏం ఆడుతున్నారో యాప్‌లో కనిపించనే లేదు. నాకు నాటకం ఎంచుకునే పద్ధతి ఒకటుంది: కథ ముందే తెలిసి ఉండాలి. కథ తెలిస్తే తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం ఉండదు, నటుణ్ణి తీరిగ్గా చూడొచ్చు. ఒకప్పుడు మా ప్రొద్దుటూరులో పద్యనాటకాలకి వచ్చే జనమంతా అంతే కదా, కృష్ణుడు రాయబారంలో ఏం చెప్తాడో తెలియకనా తెల్లవార్లూ కూర్చునేది!

చివరికి జె.పి. నగర్ రంగశంకరలో గిరీష్ కర్నాడ్ 'హయవదన' దొరికింది. కన్నడం. తలలు తారుమారైన ఆ బేతాళ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. టికెట్టు 250 రూపాయలు. మరదలు ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు నుంచి నేరుగా వస్తానంది. తమ్ముడు నాటకం మాట ఎత్తగానే తప్పించుకున్నాడు.

మారతహళ్ళి నుంచి జె.పి. నగర్‌కి ఆటో 480. టికెట్టు కంటే దాదాపు రెండింతలు! ఈ ఊళ్ళో చౌకగా దొరికేది నాటకమే, అక్కడికి చేరడానికే ఆస్తులు అమ్ముకోవాలి. ఫోన్లో నేను తెలుగు మాట్లాడడం విని ఆటో అతను అద్దంలోంచి చూసి, "యాడికమ్మా, పెండ్లికా?" అన్నాడు. నాటకానికి అనగానే వెనక్కి తిరిగి నవ్వాడు. వాళ్ళది చింతామణి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. "మా ఊర్లో కురుక్షేత్రం ఆడతామమ్మా. నేను భీముడు" అన్నాడు.

సిల్క్‌బోర్డు దగ్గర బండ్లు కదలకుండా నిలబడ్డ ఆ ముప్పావు గంటలో ఆ నాటకం గుట్టంతా చెప్పాడు. డ్రామా మేష్ట్రుని పిలిపిస్తారు. ఆయన హార్మోనియం పట్టుకుని వచ్చి నెలల తరబడి రాత్రిళ్ళు నేర్పిస్తాడు. వేషం వేసేవాళ్ళకి డబ్బులు ఇవ్వడం కాదు, వేషం కావాలన్నవాడే డబ్బు కట్టాలి. మేష్ట్రు కూలీ, తెరలు, కిరీటాలు, లైట్లు అన్నీ ఆ డబ్బులోంచే. దుర్యోధనుడి వేషానికి అందరికంటే ఎక్కువ. "ధర్మరాజుకి తక్కువ పడుతుందమ్మా, పద్యాలు తక్కువ గదా" అన్నాడు. భీముడికి తను పదిహేను వేలు కట్టాడట. ఆటో నడిపి కూడబెట్టిన డబ్బు, ఒక్క రాత్రి గద పట్టుకుని నిలబడడానికి. చెప్పేటప్పుడు ఆ గొంతులో రవ్వంత బాధ కూడా లేదు. తెలుగు పద్యం ఒకటి పాడమన్నాను. చుట్టూ హారన్లు మోగుతుంటే రాయబారం పద్యం ఎత్తుకుని, ఆఖరి రాగం తీస్తూ హ్యాండిల్ మీద తాళం వేశాడు. పక్క కారు అద్దం కిందికి దిగింది. నేను వన్స్‌మోర్ అన్నాను. మళ్ళీ పాడాడు!

మా నాన్న సురభి వాళ్ళ నాటకాల గురించి చెప్పేవాడు. 1885లో మా కడప జిల్లా సురభి గ్రామంలోనే కీచకవధతో మొదలైన నాటక సమాజం అది. జిల్లా మాదే, నాటకం మాత్రం ఇప్పుడు మా ఊళ్ళో కనపడదు.

ఏడుంబావుకి రంగశంకర చేరాను. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ 1990లో కారు ప్రమాదంలో పోయాక, ఆయన భార్య అరుంధతీ నాగ్ పట్టుబట్టి కట్టించిన థియేటర్ ఇది. 2004లో తెరిచారు. సోమవారం తప్ప రోజూ నాటకం ఉండేలా చూస్తారు. ఇక్కడ ఒక నియమం గట్టిది: ఏడున్నరకి తలుపు మూశారంటే ఎవరొచ్చినా తెరవరు. ఏడూ ఇరవైకి మరదలికి ఫోన్ చేస్తే మెట్రో దిగి ఆర్.వి. రోడ్డు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంది. నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆమె చేరేసరికి ఏడూ ముప్పై ఆరు. లోపలికి పంపలేదు.

మనసుకి కష్టమనిపించినా, ఆ నియమం పూర్తిగా సరైనదనే అంటాను. మన నాటక పరిషత్తుల్లో కార్డు మీద ఆరు గంటలని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి తొమ్మిదవుతుంది. మేకప్ వేసుకున్న పిల్ల పక్కన కునికిపాట్లు పడుతుంటుంది. నటుడి చెమట కంటే దాత ఉపన్యాసం ముఖ్యమైపోయింది మనకి. ఇక్కడ ఒక్క దండ లేదు, ఒక్క ప్రసంగం లేదు. లైట్లు ఆరాయి, గణపతి పూజ పాటతో భాగవతుడు కథ ఎత్తుకున్నాడు.

మైకులు లేవు. మూడొందల పైచిలుకు సీట్లున్న హాలది. స్టేజీ జనంలోకి చొచ్చుకొచ్చినట్టుంటుంది. కాళీ గుడి ఘట్టంలో ఇద్దరు అడ్డంగా సగం తెర పట్టుకు నిలబడ్డారు, మన వీధినాటకంలో పట్టినట్టే. తెర పైన మొహాలు మాత్రమే కనిపిస్తున్నాయి. దేవదత్తుడు తల నరుక్కున్నాడు, వెనకే అతని స్నేహితుడు కపిలుడు. దేవదత్తుడి భార్య పద్మిని చీకట్లో తడుముకుంటూ ఒకరి తల ఒకరికి పెట్టింది. ఆ నటి చేతివేళ్ళు వణకడం నాలుగో వరుసలోంచి నాకు కనిపించింది. ఊపిరి బిగబట్టడం వినిపించింది. తెర దించగానే ఆ ఇద్దరు నటులూ తలలకి గుర్తుగా పెట్టుకున్న మాస్కులు మార్చుకుని లేచారు. అంతే, మరే గారడీ లేదు. ఒకడు భుజం ఎగరేసే తీరు ఇంకొకడికి వచ్చేసింది! తెలిసిన కథే అయినా ఒళ్ళు జలదరించింది. కన్నడంలో నాకు అందని మాటలు చాలానే ఉన్నాయి, కానీ ఆ భుజం దగ్గర ఏ భాషా అడ్డు రాలేదు.

బయటికొస్తే మరదలు క్యాంటీన్‌లో రెండో ప్లేటు సగ్గుబియ్యం వడ తింటోంది. కోపంగా ఉంటుందనుకున్నాను గానీ, ఏమైందో చెప్పు వదినా అని అక్కడే కూర్చోబెట్టింది. ఏదీ దాచకుండా చివరి దాకా చెప్పాను. తల ఎవరిదో వాడే భర్త అన్న ఋషి తీర్పు, ఆ తర్వాత నెమ్మదిగా ఒళ్ళు మళ్ళీ పాతదారి పట్టడం, చివరికి ఇద్దరూ కత్తులు పట్టుకోవడం, పద్మిని చితి ఎక్కడం అన్నీ. అంతా విని ఫోన్ తీసి ఆదివారం 3:30 ఆటకి మూడు టికెట్లు కొంది. మూడోది తమ్ముడికి. అతనికి ఇంకా చెప్పలేదు. మారతహళ్ళి నుంచి ఒంటిగంటకే బయలుదేరాలని మాత్రం గట్టిగా చెప్పాను.