మందుల సంచి చేతులు మారేటప్పుడు

మా అబ్బాయికి ఆరో ఏట టైప్ 1 డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బు, బయటపడింది. అప్పటి నుంచి పదేళ్లపాటు ఒకే పిల్లల డాక్టరుగారు చూశారు. వాడికి పదహారు నిండాక ఒకనాడు ఆవిడ, అలవాటుగా నన్ను అడగకుండా, వాడి వైపే చూస్తూ "రాత్రి ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నావు నాన్నా?" అన్నారు. వాడు నా ముఖం చూశాడు. "పద్దెనిమిది" అని నేనే చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, ఇంకో రెండేళ్లకు వీడు పెద్దల డాక్టరు దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఈ జవాబు వీడే చెప్పాలి" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేలి కొనకు పక్కగా గుచ్చి చుక్క రక్తం తీయడం, పెన్నుతో ఇన్సులిన్ వేసుకోవడం వాడికి ఏడో తరగతిలోనే వచ్చు. కానీ ఏ పూట మోతాదు ఎందుకు మారిందో, కిందటిసారి హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఎంత వచ్చిందో, కంటి పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏటా ఎందుకు చేయించాలో వాడికి తెలియదు. అవన్నీ నా తలలోనూ, నా చేతి సంచిలోని లావుపాటి ఫైలులోనూ ఉన్నాయి. జబ్బు వాడిది, దాని చరిత్ర నాది అయిపోయింది. ప్రేమతో చేసిన పనే అయినా, అది పొరపాటేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారే ఈ మార్పునకు పిల్లలను 12 ఏళ్ల నుంచే సిద్ధం చేయడం మొదలుపెట్టాలనీ, 14 ఏళ్లకు ఒక ప్రణాళిక ఉండాలనీ, 18కీ 21కీ మధ్య పెద్దల వైద్యానికి అప్పగించాలనీ అమెరికాలో పిల్లల వైద్యుల, కుటుంబ వైద్యుల, పెద్దల వైద్యుల సంఘాలు కలిసి 2011లో చెప్పాయి, 2018లో మరోసారి చెప్పాయి. మన దగ్గర చాలా ఇళ్లలో జరిగేది వేరు. ఇంటర్ అయిపోతుంది, ఇంజినీరింగ్ సీటు వేరే ఊళ్లో వస్తుంది, హాస్టల్ తిండి, కొత్త స్నేహితులు, కొత్త డాక్టరు అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. అందుకే మేము ఇంటర్ రెండేళ్లనూ దీనికి వాడుకున్నాం.

మొదట అపాయింట్‌మెంటుకు ఫోన్ చేయడం వాడి పని అయింది. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు ఇంకా ఎన్ని ఉన్నాయో చూసి, అయిపోకముందే మెడికల్ షాపులో తెచ్చుకోవడం కూడా. ఒకసారి మరిచిపోయాడు, ఆ రాత్రి ఎనిమిదింటికి వాడే సైకిలు మీద వెళ్లి తెచ్చుకున్నాడు, నేను కదలకుండా కూర్చోవడానికి చాలా కష్టపడ్డాను. తరువాత డాక్టరుగారు వాడి చేతే ఒక పేజీ రాయించారు: జబ్బు ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు వాడే ఇన్సులిన్లు ఏవి, ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరాడా, షుగర్ పడిపోతే ముందుగా తెలిసే లక్షణం ఏమిటి. వాడికి పెదవులు తిమ్మిరెక్కుతాయట. పదేళ్లు పక్కనే ఉన్నాను, అది నాకు తెలియదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పించుకున్నది జ్వరం సంగతి. వాంతులై ఏమీ తినలేనప్పుడు, తిండే లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్ లేకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. రోజువారీ ఇన్సులిన్ ఆపకూడదు, కీటోన్లు చూసుకోవాలి, వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మూడు మాటలూ వాడి గదిలో ఉండబోయే అబ్బాయికి కూడా తెలియాలని డాక్టరుగారు పట్టుబట్టారు.

ప్రతిసారీ ఆఖరి పదిహేను నిమిషాలు నన్ను బయట కూర్చోమనేవారు. మొదటిసారి మనసు చివుక్కుమంది. మద్యం తాగితే కాలేయం చక్కెర విడుదల చేయడం తగ్గి, గంటల తరువాత నిద్రలో షుగర్ పడిపోవచ్చని ఆ గదిలోనే వాడికి చెప్పారని తరువాత తెలిసింది. నా ఎదుట వాడు ఆ ప్రశ్న అడిగి ఉండేవాడు కాడు. మన ఇళ్లలో ఇలాంటివి మాట్లాడుకోము కనుక, డాక్టరుతో ఒంటరిగా గడిపే ఆ కాస్త సమయం పిల్లలకు తప్పకుండా దక్కాలి.

కొత్త ఊళ్లో పెద్దల క్లినిక్‌కు మొదటిసారి నేనూ వెళ్లాను. వరండా నిండా యాభై దాటినవాళ్లే. వివరాలు రాసుకునే ఆమె, వాడిదీ వాళ్లందరి షుగర్ లాంటిదేననుకుని, అన్నం మానేసి రొట్టె తినమంది. "నాది టైప్ 1 అండీ. నా ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. తిన్న అన్నానికి సరిపడా వేసుకుంటాను" అన్నాడు వాడు, గొంతు పెంచకుండా. ఆ పేజీ తీసి ఆమెకిచ్చాడు. ఫైలు నా ఒళ్లోనే ఉంది.

ఇప్పుడు ఆదివారం తప్ప నేను అంకెలు అడగకూడదని మా ఒప్పందం. మొన్న ఆదివారం వాడే చెప్పాడు: అర్ధరాత్రి పెదవులు తిమ్మిరెక్కితే లేచి చూసుకున్నాడట, 62 ఉందట. పక్క మంచం అబ్బాయిని లేపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి చూస్తే 94కు వచ్చిందట. రెండు బిస్కెట్లు తిని పడుకుని, పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేస్తే రాత్రి మోతాదులో రెండు యూనిట్లు తగ్గించమన్నారట. "తగ్గించావా?" అని అడగబోయి ఆగాను. "తగ్గించానమ్మా" అన్నాడు.